పిల్లవాణ్ణి మాకియ్యండి

1991వ సంవత్సరం, సంక్రాంతి సెలవులు గడిచిన తరువాతి మాట. ఒకనాటి మధ్యాహ్నం మా ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల గదిలోకి ఒక పెద్దమనిషి స్కూటరు తాళంచెవి వ్రేలికి చుట్టుకుంటూ వచ్చాడు. ఫలానా కళాశాలలో ఫిజికల్ డైరెక్టరునని చెప్పుకున్నాడు. మా పి.ఇ.టి. గారు ఆనాడు సెలవులో ఉన్నారు. ఆయన లేనప్పుడు ఆటల బీరువా తాళం నా దగ్గర ఉండేది కనుక హెడ్మాస్టరుగారు వచ్చినాయన్ని నాకు అప్పగించారు.

తెలుగు పండితుడికీ ఆటల బీరువాకూ సంబంధమేమని మిత్రులకు అనుమానం రావచ్చు. పోటీలకు పిల్లల్ని తీసుకుపోవాలంటే పి.ఇ.టి.కి తోడు ఇంకొక ఉపాధ్యాయుడు కావాలి. లెక్కలాయనా సైన్సాయనా సిలబసు కాలేదంటారు. ఛందస్సు ఎన్నడైనా చెప్పుకోవచ్చునని అందరి అభిప్రాయం కాబట్టి ఆ పని నాకు పడేది. అట్లా నేను బాస్కెట్‌బాల్ స్కోరు వ్రాయటం నేర్చుకున్నాను. దానికి 'బుట్టబంతి' అని పేరు పెట్టి పిల్లల చేత అనిపించబోతే వాళ్ళు నవ్వారు. ఆ పేరు నా నోట్లోనే పుట్టి నా నోట్లోనే పోయింది.

వచ్చినాయన కూర్చోకుండానే అన్నాడు: "మీ పదో తరగతిల పొడుగు పిల్లగాడు ఉన్నడు గద సార్, జిల్లా పోటీలల్ల చూసిన. వాణ్ణి మాకియ్యండి. ఇంటర్ల సీటు నేను ఇప్పిస్త, ఫీజు లేకుంట చూస్త. పొద్దుగాల, సాయంత్రం గ్రౌండుకు వస్తె చాలు."

నేనాయనకు టీ తెప్పించి పంపించి వేశాను. పిల్లవాడి తండ్రి ఆజంజాహీ మిల్లులో కార్మికుడు. రెండు రోజులకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఏం చేయమంటారని అడిగితే, ఆటలో పడితే చదువు పోతుంది, మంచి ప్రైవేటు కాలేజీలో ఎం.పి.సి.లో చేర్పించమన్నాను. "మీరు చెప్పినట్లే సార్" అని వెళ్ళిపోయాడు. పిల్లవాణ్ణి పిలిచి అడగాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆనాడు వచ్చిన పెద్దమనిషి చేసిన పని ఎటువంటిదో అప్పుడు నాకు తెలియలేదు. అమెరికాలో ఆ పనికి ఒక శాస్త్రమే ఉన్నదనీ, మన దేశంలో దానికి సరైన పేరు కూడా లేదనీ పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకున్నప్పుడు తెలిసింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రిక్రూట్‌మెంట్ అంటారు. తెలుగులో 'నియామకం' అంటే నౌకరీ అవుతుంది. 'ఎంపిక' అంటే వచ్చినవాళ్ళలో ఏరటం అవుతుంది. గుమ్మం దాకా వెళ్ళి, పెద్దవాళ్ళను ఒప్పించి, ఇది మా ఇంటికి రావలసిన బిడ్డ అని చెప్పి తెచ్చుకోవటానికి మన భాషలో ఒక్కటే మాట ఉన్నది, పిల్లనడగటం. అమెరికా కళాశాలల శిక్షకులు హైస్కూలు ఆటగాడి ఇంటికి వెళ్ళి, తల్లి పెట్టిన భోజనం తిని, తండ్రితో మాట్లాడి వచ్చే తంతు అచ్చంగా పెళ్ళిచూపులే.

ఈ ఆట పుట్టుకే పాఠశాలలో. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఏ. శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలం గదిలో విసిగిపోయిన పద్దెనిమిదిమంది విద్యార్థుల కోసం పీచు పండ్ల బుట్టలు రెండు ఎత్తుగా బిగించి, పదమూడు నియమాలు వ్రాసి పెట్టాడు. బుట్ట కట్టిన ఎత్తు పది అడుగులు, నేటికీ అంతే. అదే స్ప్రింగ్‌ఫీల్డులో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షణాలయం స్థాపించాడు. దక్షిణ దేశంలో వ్యాయామోపాధ్యాయుల పరంపర అక్కడి నుండే వచ్చిందనవచ్చు. 1934లో ఢిల్లీలో మొదటి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలు జరిగాయి. ఇంత తొందరగా మన దాకా వచ్చిన ఆట, దానితో పాటు పిల్లనడిగే ఆచారాన్ని మాత్రం తీసుకురాలేదు.

తీసుకువస్తే అంతా మేలే జరిగేదా అంటే అదీ చెప్పలేను. న్యూయార్కులో సిటీ కాలేజీ అని ఒకటున్నది. ఆ రోజుల్లో రుసుము లేకుండా, మార్కులు చూసి చేర్చుకునే నగరపు కళాశాల, బీదవాళ్ళ పిల్లలకు ఆధారంగా ఉండేది. 1950 మార్చిలో నాట్ హోల్మన్ శిక్షణలో ఆ జట్టు ఎన్.ఐ.టి., ఎన్.సి.ఏ.ఏ. అనే రెండు పెద్ద పోటీలను ఒకే ఏట గెలిచింది. (ఎన్.ఐ.టి. అనగానే మన వరంగల్లువాళ్ళకు కాజీపేట వైపు చూడబుద్ధి అవుతుంది. ఇది నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటు.) ఒకే ఏట రెండూ గెలిచిన జట్టు ఇంకొకటి లేదు. ఆ పిల్లలు దూరదేశాల నుండి కొని తెచ్చినవాళ్ళు కారు. ఆ నగరపు హైస్కూళ్ళలో చదివిన యూదుల, నల్లజాతివారి బిడ్డలు. ఊరు ఊరంతా నెత్తిన పెట్టుకున్నది. ఏడాది తిరగకుండానే, 1951 మొదట్లో, జూదగాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని ఆటలో కావాలని పాయింట్లు తగ్గించారని ఆ జట్టువాళ్ళు కొందరు అరెస్టయ్యారు. తరువాతి విచారణలో మరొక సంగతి బయటపడింది. కొందరి హైస్కూలు మార్కులను దిద్ది మరీ కళాశాలలో చేర్పించారట! మార్కుల పుస్తకం ముందు జీవితమంతా గడిపిన నాకు జూదం కన్నా ఈ దిద్దుడే ఎక్కువ బాధ కలిగించింది. దొంగ క్రీడా ధ్రువపత్రాల వార్తలు మన పత్రికలలో చూడనివారు ఉండరు కాబట్టి, ఆ దేశాన్ని చూసి నవ్వే అర్హత మనకు లేదు.

అక్కడ కళాశాలల ఆటల మీద కాపలాకు 1906లో ఒక సంఘం పుట్టింది. అదే తరువాత ఎన్.సి.ఏ.ఏ. అయింది. శిక్షకుడు పిల్లవాడి ఇంటికి ఎప్పుడు పోవచ్చు, ఎన్నిసార్లు పోవచ్చు అన్నదానికి కూడా అది నియమాలు వ్రాసింది. ఆటగాడికి చదువు ఖర్చు ఇవ్వవచ్చు గాని జీతం ఇవ్వరాదన్నది చాలాకాలం దాని మూలసూత్రం. 2021 జూలై నుండి ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చునన్నారు. 2025 జూలై నుండి పెద్ద విశ్వవిద్యాలయాలు నేరుగా తమ ఆటగాళ్ళకే, మొదటి ఏడాదికి మొత్తం 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చునని న్యాయస్థానపు ఒప్పందంతో స్థిరపడింది. పిల్లనడగటం కాస్తా కన్యాశుల్కం దాకా వచ్చిందన్నమాట. గురజాడవారుంటే మరొక నాటకం వ్రాసేవారు కాబోలు.

ఇక మన సంగతి. మన దగ్గర గుమ్మం దాకా వెళ్ళి ఆటగాళ్ళను తెచ్చుకున్నవాళ్ళు లేరని కాదు. ఉన్నారు, కాని వాళ్ళు కళాశాలలవాళ్ళు కారు. పోలీసు శాఖ, రైల్వే, సైన్యం. ఆటగాడికి అవి సీటు ఇవ్వలేదు, నౌకరీ ఇచ్చాయి. ఈ మాట వచ్చినప్పుడు తలచుకోవలసిన మహానుభావుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడి, బడిపంతులై కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని నాలుగు బడులలో పాఠాలు చెప్పాడు. నా వంటి బడిపంతులే! 1943 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదుసార్లు గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికే కేన్సరు ఆయనను లోపల తినివేస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చేదాకా మా బడిపంతుళ్ళలోనే చాలామందికి ఆయన పేరు తెలియదు.

రహీం సాబు ఎట్లా ఏరుకునేవాడో తెలియాలంటే తులసీదాస్ బలరాం కథ వినాలి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో బీద కుటుంబంలో 1936లో పుట్టిన పిల్లవాడు. వాడి ఆట చూసి హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మన్నాడు రహీం. రోజూ అంత దూరం రావటానికి డబ్బులు లేవన్నాడు పిల్లవాడు. సైకిలు అద్దెకు రహీమే డబ్బులిచ్చాడు. ఆ పిల్లవాడే మెల్‌బోర్న్‌లో, రోములో ఒలింపిక్స్ ఆడాడు. జకార్తా స్వర్ణంలో భాగస్వామి అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. అద్దె సైకిలు లేకపోతే ఏమయ్యేదని ఊహించటం నా వల్ల కాదు గాని, ఆ డబ్బులివ్వటానికి ఏ జీవోలోనూ పద్దు ఉండదని మాత్రం ముప్పైమూడేళ్ళ సర్వీసు సాక్షిగా చెప్పగలను.

కళాశాలలు ఈ పని ఎందుకు చేయలేదు? సోమరితనమనటం తేలిక. నాకు మాత్రం దీని మూలం మన చదువుల నిర్మాణంలోనే ఉన్నదనిపిస్తుంది. అమెరికాలో హైస్కూలు పన్నెండో తరగతితో ముగుస్తుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు బడి గేటు దాటితే ఎదురుగా విశ్వవిద్యాలయమే. మన హైస్కూలు పదితో ఆగిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. అంటే బడికీ డిగ్రీ కళాశాలకూ నడుమ ఒక కాలువ తవ్వారన్నమాట. ఆ కాలువ మీద వంతెన వేసే పూచీ ఎవరిదీ కాలేదు. పదిలో వెలిగిన ఆటగాడు ఎవరి బడికీ చెందడు, ఏ విశ్వవిద్యాలయానికీ ఇంకా కనబడడు. 1986లో ఎంసెట్ వచ్చిన తరువాత ఆ కాలువలో నీళ్ళు నిండాయి. పదహారు, పదిహేడు ఏళ్ళు ఎముక గట్టిపడి, చేతికి గురి కుదిరే వయస్సు. సరిగ్గా ఆ రెండేళ్ళే మన పిల్లలు తెల్లవారుజాము నుండి రాత్రి దాకా గది దాటి బయటికి రారు.

వరంగల్లు వంటి ఊళ్ళో ఈ విడ్డూరం మరీ కొట్టవచ్చినట్లు కనబడుతుంది. కళాశాలలకు మనకేం తక్కువ? 1959 అక్టోబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగు కళాశాల, అదే 2002లో ఎన్.ఐ.టి. అయింది. అదే 1959లో వైద్య కళాశాల. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం. పెద్ద పెద్ద మైదానాలున్నాయి. ఆ మైదానాల ప్రహరీగోడకు ఆనుకొని ఉన్న బడిలో ఎవడు బాగా ఆడుతున్నాడో తెలుసుకోవలసిన అవసరం మాత్రం వాటికి లేదు. ర్యాంకు ఎవరిని పంపితే వాళ్ళే వస్తారు, వచ్చినవాళ్ళలో పొడుగ్గా ఉన్నవాళ్ళు జట్టులో ఆడతారు! ఇంజనీరింగు ప్రవేశాలలో క్రీడల కోటా అంటూ ఒకటున్నది, అర శాతం. రెండు వందల సీట్లకు ఒకటి. అదైనా కాగితాలు పట్టుకుని మనం వెళ్ళి నిలబడితే దొరికేదే గాని, ఎవరూ వచ్చి పిలిచి ఇచ్చేది కాదు. ఐ.ఐ.టి.లలో మొదటిసారిగా 2024లో మద్రాసు ఐ.ఐ.టి. ఒక్కొక్క కోర్సుకు రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి ఆడపిల్లకు, క్రీడాకారులకని కేటాయించింది. జె.ఇ.ఇ. అడ్వాన్సుడు గట్టెక్కినవాళ్ళకే సుమా. అయినా సంతోషమే.

ప్రభుత్వం చేసిన మంచిపని ఒకటి చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1993లో హకీంపేటలో క్రీడా పాఠశాల పెట్టారు. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. పిల్లల ఎత్తు, బరువు చూసి, పరుగు తీయించి, నిలుచున్నచోటి నుండి దూకించి, మెడిసిన్ బాల్ విసిరించి పరీక్షిస్తారు. ఊరూరి నుండి తల్లిదండ్రులు పిల్లల్ని పట్టుకుని వస్తారు. ఎనిమిదేళ్ళ బిడ్డలో రాబోయే ఆటగాణ్ణి చూడగల కన్ను మనకు ఉన్నదన్నమాట. పదహారేళ్ళవాడు కళ్ళ ముందు ఆడుతుంటే మాత్రం అది పనిచేయటం లేదు.

ఇప్పుడు మా జిల్లా కథ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పర్వతగిరి మండలంలో కల్లెడ అని ఒక పల్లె. అక్కడ గ్రామీణాభివృద్ధి సంస్థ, అందరూ ఆర్.డి.ఎఫ్. అంటారు, ఒక బడి నడుపుతున్నది. ఆ ఊరి అమ్మాయి వర్ధినేని ప్రణీత ఆ బడిలోనే విల్లు పట్టింది, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు తరఫున బాణాలు వేసింది. వరంగల్లు పల్లె నుండి ఒలింపిక్స్! ఆనాడు మా బడిలో ప్రార్థన సమయంలో ఆ వార్త నేనే చదివి వినిపించాను.

అదే కల్లెడలో 2003లో పుట్టిన జీవంజి దీప్తి. తల్లిదండ్రులు కూలిపని చేసేవాళ్ళు. బుద్ధి వికాసంలో వెనుకబాటు ఉన్న పిల్ల అని లోకం ఆమెను అనరాని మాటలన్నది. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. తరువాత అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్ చూసి, పిల్లను హైదరాబాదు పంపించండని అడిగాడు. బస్సు కిరాయికి డబ్బులు లేవన్నారు తల్లిదండ్రులు. దానికీ ఏర్పాటు ఆయనే చేశాడని పత్రికలు వ్రాశాయి. అద్దె సైకిలుకూ ఈ బస్సు కిరాయికీ నడుమ సుమారు అరవై ఏళ్ళు గడిచాయి, చూశారా! 2024 మే నెలలో జపానులోని కోబేలో దీప్తి 400 మీటర్లు 55.07 సెకండ్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. పోయిన పొలాన్ని ఆమె బహుమతి డబ్బుతో తల్లిదండ్రులు తిరిగి కొనుక్కున్నారని చదివినప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

పారిస్ పరుగు నాడు రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు, 1991లో స్కూటరు తాళంచెవి త్రిప్పుకుంటూ వచ్చిన ఆ పెద్దమనిషే నాకు గుర్తుకు వచ్చాడు. ఆయన కూడా అట్లాగే అడిగాడు. ఆయన ఎంత దూరం నుండి, ఎవరి పెట్రోలు పోసుకుని వచ్చాడో నేను అడగలేదు. పై అధికారి పంపితే వచ్చినవాడు కాదు. పంపే అధికారులు ఆనాడెక్కడున్నారు గనుక! తన కన్ను పంపితే వచ్చాడు. నేను ఆయన్ని టీతో సరిపెట్టాను. ఇంటర్మీడియట్ కాలువ తవ్వినవాళ్ళను ఇందాక తప్పుపట్టాను గాని, ఒడ్డున నిలబడి పిల్లవాడిని అందులోకి దింపిన చేయి నాది.

ఆ పిల్లవాడు ఎం.పి.సి.లో చేరాడు. రెండు గదుల మేడ మీది కాలేజీ. సెకండు క్లాసులో గట్టెక్కాడు, ఇంజనీరింగు రాలేదు, డిగ్రీ నడుమ వదిలాడు. కష్టపడేవాడు కాబట్టి చెడిపోలేదు. హన్మకొండలో జిరాక్సు, స్టేషనరీ దుకాణం పెట్టుకున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు. నా పెన్షను కాగితాలన్నీ వాడి దగ్గరే జిరాక్సు తీయించాను, ఒక్కనాడూ డబ్బులు తీసుకోలేదు. కాగితాల కట్ట పైఅరలో పెట్టటానికి నిచ్చెన అవసరం లేని మనిషి. చేయి పైకెత్తి మణికట్టు మెల్లగా వంచి వదిలినప్పుడల్లా నాకు ఆ జిల్లా పోటీలు కళ్ళకు కడతాయి. నా మీద వాడికి ఏ కోపమూ లేదు. ఉంటే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది.

మొన్నీమధ్య వాడి దుకాణంలో ఉన్నప్పుడు వాడి చిన్న కూతురు బడి నుండి వచ్చింది. పదో తరగతి. తండ్రి పొడుగే వచ్చింది, జోనల్ పోటీలు ఆడి వచ్చిందట. వాడు నాకు కుర్చీ వేసి, "పిల్లను ఇంటర్ల ఏడ చేర్పియ్యమంటరు సార్?" అని అడిగాడు. ముప్పైనాలుగేళ్ళ కిందట వాడి తండ్రి అడిగిన ప్రశ్నే. ఏమనుకుంటున్నావంటే ఒక పెద్ద కాలేజీ పేరు చెప్పాడు.

"అండ్ల గ్రౌండున్నదా?" అని అడిగాను.

"లిఫ్టున్నది సార్" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరువాత, ఈసారి నేను పిల్లవైపు తిరిగి, నీకేమున్నదమ్మా మనసులో అని అడిగాను. ఆమె తండ్రి వైపొకసారి చూసి, సంచి కింద పెట్టి, మెల్లగా చెప్పటం మొదలుపెట్టింది. వచ్చే ఆదివారం ముగ్గురం కలిసి గ్రౌండున్న కాలేజీలు రెండు మూడు చూసి రావాలని అనుకున్నాం.